మౌలా గీసిన గీత

మౌలా చెప్పులు కుట్టే కొట్టులో, ఏటా కొలత కోసం అతను తన పాదం చుట్టూ గీత గీసే అట్ట మీద పెంచలకృష్ణ కుడికాలు పెట్టాడు.

“కదలబాకన్నా. పెన్సిలు జారతాది.”

“నలభై రెండేళ్లోడికి పాదం పెరగడమేందని నువ్వు ఆస్పత్రికి తరమకపోతే, మెదడు కింద గ్రంథిలో గడ్డ ఉందని నాకు తెలిసేదే కాదు మౌలా.”

“దాన్ని ఆపరేషన్ చేసి తీసేసినారు గదా?”

“కొంచెం మిగిలిపోయింది. ఒళ్లు పెంచే హార్మోను అదే వదలతా ఉండాదంట. చెన్నైలో దానికొక్కదానికే గురిపెట్టి రేడియేషన్ ఇచ్చినారు. గుణం కనపడేదానికి ఏళ్లు పడతాదన్నారు.”

“మూడేళ్లయింది. పోయినేడు గూడా గీత బయటికే జరిగిందే.”

“అందుకే భయం. పొద్దున రక్తం రిపోర్టులో మాత్రం హార్మోను నార్మల్ అని వచ్చింది.”

“మరింకేంది?”

“ఆ అంకెలు నాకేం తెలుసబ్బా? నాకు తెలిసింది నీ పెన్సిలే.”

మౌలా బొటనవేలి నుంచి మడమ చుట్టూ గీసి, అట్టను వెలుతురులోకి ఎత్తాడు.

“చెప్పు మౌలా. మళ్లీ పెరిగిందా?”

“కొత్త గీత యాడుందో నాకే కనపడలా.”

“అంటే?”

“పోయినేటి గీత మీదనే పడింది. గోరంత గూడా దాటలా.”

పెంచలకృష్ణ బల్ల మీద కూలబడి పగలబడి నవ్వాడు. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూశారు.

“నవ్వింది చాలు గానీ ఇనన్నా. ఇన్నేళ్లూ నేను కుట్టిన చెప్పులన్నీ ఇరుకై మూలన పడినాయి. ఒక్క జత గూడా నీ కాలికింద అరగలా. ఇప్పుడు కుట్టే జత అరిగిందాకా నా కొట్టుకు రాబాక.”