నన్ను ఓడించిన సుధారాణి గారికి

సభకు వచ్చిన పెద్దలకూ, అక్కచెల్లెళ్లకూ, దుకాణాలు కట్టేసి వచ్చిన పూర్ణా మార్కెట్ వర్తకులకూ, చేపల వేట నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చిన మా రేవు వాళ్లకూ నమస్కారం. ముందు వరుసలో సుధారాణి గారి తల్లి ఆదిలక్ష్మమ్మ గారు కూర్చున్నారు. పక్కన తమ్ముడు సాయిశంకర్ ఉన్నాడు. వాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. జ్వరమని ఆసుపత్రికి వెళ్లిన మనిషి తిరిగి ఇంటికి రాలేదు. నలభై ఏళ్లయినా నిండని మనిషి. ఇదేం న్యాయం?

నేను తాతబాబుని. ఈ వార్డుకి మాజీ కార్పొరేటర్ని. నా పేరు ముందు ఆ 'మాజీ' అన్న మాట పెట్టింది సుధారాణి గారే. అందుకే నన్ను ఈ మైకు ముందు చూసి వెనక వరుసల్లో గుసగుసలాడుతున్నారు. వినబడుతోందయ్యా. ఓడిపోయాను గానీ చెవులు పోలేదు.

చోడవరం వైపు రైతు కుటుంబం ఆవిడది. ఇక్కడ షిప్పింగ్ ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి 'మన వార్డు మాట' అనే బ్లాగు రాసేవారు. ఎన్నికలప్పుడు మేము ఏమన్నాం, గెలిచాక ఏం చేశాం, అంతే రాసేవారు. ఆటోవాళ్లు చదివేవారు. చదువు రానివాళ్లకి ఇంట్లో పిల్లలు చదివి వినిపించేవారు. ఆఖరికి కార్పొరేషన్ ఇంజనీర్లు కూడా ఆఫీసుకి రాగానే ముందు ఆ పేజీ చూసేవారు.

మా రేవులో ఆడవాళ్లు చేపలు ఎండబెట్టుకోవడానికి దిమ్మలు కట్టిస్తానని నేను మాటిచ్చాను. శంకుస్థాపన రాయి కూడా వేశాను. పూలదండలు, ఫొటోలు, అన్నీ అయ్యాయి. తర్వాత ఆ రాయి పక్కన ఒక కుక్క పడుకోవడం మొదలుపెట్టింది. సుధారాణి గారు నెలనెలా వచ్చి ఆ రాయికీ ఆ కుక్కకీ ఫొటో తీసి పెట్టేవారు. కింద ఒక్క ముక్క రాసేవారు కాదు. ఊరంతా నవ్వింది. నాకు ఒళ్లు మండి ఫోన్ చేశాను. ఆవిడ చాలా మర్యాదగా, "రాయి కదిలితే ఫొటో మారుస్తానండీ" అన్నారు. ఫోన్ పెట్టేశాను.

కానీ ఒక విషయంలో ఆవిడది తప్పు. చనిపోయిన మనిషి గురించి ఇలా అనొచ్చా అంటారేమో. అనొచ్చు. ఎందుకో చెబుతాను, వినండి.

పోలింగుకి కొద్ది రోజుల ముందు ఆవిడ ఇంకో సంగతి రాశారు. దిమ్మల డబ్బుతో తాతబాబు తన బావమరిది ఇంటికి సిమెంటు రోడ్డు వేయించుకున్నాడని. రోడ్డు వేసిన మాట నిజం. ఆ సందులో మా బావమరిది ఇల్లు ఉన్న మాటా నిజం. కానీ దిమ్మల కన్నా ముందు రోడ్డు వేయమని అడిగింది మా రేవు పెద్దలు. మా దగ్గర పెద్దలు కూర్చుని అనుకుంటే అదే తీర్మానం. దానికి కాగితం ఉండదు, సంతకం ఉండదు. సుధారాణి గారు ఆఫీసుల్లో కాగితాలన్నీ వెతికారు. లేని కాగితం ఎక్కడ దొరుకుతుంది? పోనీ నన్నొక మాట అడగొచ్చు కదా? అడగలేదు.

ఆ రాత వార్డంతా తిరిగింది. కొద్ది ఓట్లలో నేను ఓడిపోయాను. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. మరి అది తెలిసేసరికి ఓట్ల లెక్కింపు అయిపోయింది!

తెలిసింది ఎలాగంటే, మా రేవులో చేపలమ్మే కాశమ్మ తట్ట దించి ఆవిడతో అందట. "రోడ్డు మేవే అడిగినాం తల్లీ. తట్ట నెత్తినెట్టుకోని ఆ బురదలో నడిసినోలం మేవే గదా" అని. సుధారాణి గారు ఆ పూటే ఇల్లిల్లూ తిరిగి కనుక్కున్నారు. మర్నాడు బ్లాగులో అన్నిటికన్నా పైన పెట్టారు. "నేను తప్పు రాశాను. అది నమ్మి ఓటేసినవాళ్లు గానీ తాతబాబు గారు గానీ నన్ను క్షమించనక్కర్లేదు. ఈ మాట మాత్రం ఇక్కడి నుంచి దిగదు" అని. అమ్మలారా, అయ్యలారా, ఇవాళ్టిదాకా అది దిగలేదు. పెద్దపెద్ద పేపర్ల వాళ్లు తప్పు రాస్తే లోపలి పేజీలో చీమంత అక్షరాల్లో వేస్తారు. రాజకీయాల్లో మేమైతే అదీ చెయ్యం.

ఆ తర్వాత ఏ సంగతి రాసినా, ముందు రేవుకొచ్చి ఆడవాళ్లకి చదివి వినిపించేవారు. తిట్టబోయే మనిషికి ఫోన్ చేసేవారు. కొత్త కార్పొరేటర్నీ వదల్లేదు. మళ్లీ అదే రాయి ఫొటో పెట్టారు. కుక్క మాత్రం మారింది. చివరికి దిమ్మలు వచ్చాయి. ఇవాళ వాటి మీద చేపలు ఎండుతున్నాయి. నేను కట్టించలేదు, ఆయనా కట్టించలేదు. ఆవిడ కట్టించారు.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. మళ్లీ ఎన్నికలొస్తున్నాయి. ఆవిడ పోయి పదిహేను రోజులు కాలేదు, ఆవిడ ఫొటో పెట్టి ఎవరో కొత్త పేజీ తెరిచారు. ఆవిడ రాసినట్టే రాశారు. నాకు ఓటేయమని రాశారు. అవును, నాకే! అది మా కుర్రాళ్ల పని. నా మేలు కోరే చేశారు. అది ఫోన్లో చూసి ఆదిలక్ష్మమ్మ గారు నన్ను పిలిపించారు. వెళ్లాను. ఆ తల్లి ఒక్కటే మాటన్నారు. "నా కూతురు లేకుండా నా కూతురు మాటాడతంటే నాను ఇనలేను బాబూ" అన్నారు. అక్కడి నుంచే మా కుర్రాళ్లకి ఫోన్ చేశాను.

ఆ పేజీ తీయించేశాను. ఇంకో సంగతి కూడా ఈ సభలోనే చెబుతున్నాను. ఆవిడ దిద్దుబాటును కరపత్రంగా వేసి ఇంటింటికీ పంచితే నేను గెలుస్తానని మా పార్టీ వాళ్లు అంటున్నారు. గెలుస్తానేమో. ఆ సీటు నాకు కావాలి, కాదనను. కానీ ఆవిడ రాసిన ఒక్క అక్షరం కూడా నా ప్రచారంలో ఉండదు. వాడుకుంటే అది తప్పని రాయడానికి ఇప్పుడు ఆవిడ లేరు కదా. ఓడితే ఓడతాను. అవతలి పార్టీ వాళ్లూ ఇక్కడున్నారు. మీకూ దండం పెడుతున్నాను. పాస్‌వర్డు కోసం సాయిశంకర్ ఇంటి చుట్టూ తిరగకండి. ఆ బ్లాగు అలాగే ఉంటుంది. చదువుకుందాం. అందులో ఇంకెవరూ రాయొద్దు.

అందరూ ఒకసారి లేవండి. ఫోన్లు జేబుల్లో పెట్టేయండి. వీడియో తీస్తున్నవాళ్లు కూడా. అమ్మా ఆదిలక్ష్మమ్మ గారూ, మీరు కూర్చోండి, మేమే నిలబడతాం. సుధారాణి గారి పేరు మీద ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడకుండా, రెండు నిమిషాలు.