నీడ పడని లైటు

టీ కొట్టు ముందు బల్ల మీద కోతలరాయుడు కూర్చున్నాడంటే ఆ పూట గ్లాసులు తొందరగా ఖాళీ కావు. ఈసారి దొరికినవాడు మెకానిక్కు. ఇంటి వెనక షెడ్డు వేసుకుంటున్నాడు, పైన ఎలాంటి లైటు పెట్టించాలో తెలియక నోరు జారి అడిగాడు. బల్ల చివర వడ్రంగి కూర్చుని ఉన్నాడు. ఈ కోతలరాయుడు అతనికి స్వయానా అక్క మొగుడు. వడ్రంగి కుడిచెయ్యి ఎప్పటిలాగే ప్యాంటు జేబులో ఉంది.

"నన్నడిగావు, బతికిపోయావు," మొదలెట్టాడు బావ. "ఇదిగో, మా బావమరిది షెడ్డుకి లైటు ఎంచింది ఎవరనుకున్నావు? నేనే. లైట్ల కొట్టువాడు రెండు ట్యూబులైట్లు చేతిలో పెట్టి, పనిబల్లకి పైన బిగించుకోమన్నాడు. రెండెందుకయ్యా, ఒక్కటే ఇవ్వు, అదీ ఆటల మైదానంలో పెట్టేది ఇవ్వు, గది నడిమధ్యలో పెడతానన్నాను. పెట్టాను. స్విచ్చి వేశానో లేదో, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"వీధిలో కోళ్ళన్నీ కూశాయి. మిట్టమధ్యాహ్నం. మళ్ళీ తెల్లారిందనుకున్నాయి పాపం."

"పగలే ఉంటే మళ్ళీ తెల్లారడమేంటన్నా?" అన్నాడు టీ కొట్టాయన, పాలు వడగడుతూ.

"పగటిని మించిన వెలుగయ్యా అది. ఎదురింటి ముసలమ్మ కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించింది. లైటు గోడకి ఇవతల, ముసలమ్మ అవతల. ఆగు, ఇంకా ఉంది. మూడూళ్ళ అవతలి వాళ్ళు ఏదో తగలబడుతోందనుకుని ఫైరింజను పంపారు. ఆ డ్రైవరు వీధి మొదట్లోనే కళ్ళు మూసుకుని, నల్లద్దాలు కొనుక్కొస్తానని వెనక్కి తిప్పాడు. పైన పోయే విమానం దిగాలా వద్దా అని రెండు చుట్లు కొట్టింది. నేనే మేడెక్కి తువ్వాలు ఊపి, పోవయ్యా నీ దారిన అన్నాను."

అందరూ నవ్వారు. వడ్రంగి నవ్వలేదు. రెండేళ్ళుగా ఈ కథ వింటూనే ఉన్నాడు. మొదట్లో కోళ్ళే ఉండేవి, విమానం ఈమధ్యే వచ్చి చేరింది. అసలు జరిగింది మాత్రం ఏ రోజూ కథలోకి రాలేదు. విన్నప్పుడల్లా అతనికి ఒళ్ళు మండేది. అయినా ఓర్చుకున్నాడు. 'మీ బావని నలుగురిలో ఏమీ అనకురా' అని అక్క చేతులు పట్టుకుని అడిగింది మరి.

"వీటన్నిటినీ తలదన్నే సంగతి చెబుతా విను. ఆ షెడ్డులో నీడ అన్నదే లేదు. చీమ నడిచినా నీడ పడదు. పెద్దాసుపత్రి డాక్టర్లు వచ్చి, ఆపరేషన్లు ఇక్కడ చేసుకుంటాం బాబూ అని కాళ్ళావేళ్ళా పడ్డారు. కుదరదన్నాను. నీకూ అంతే, నడిమధ్యలో ఒక్కటి. రేపు నేనే దగ్గరుండి బిగించిపెడతా. ఇంతకీ నీ పనిబల్ల ఎక్కడ?"

"గోడకి ఆనించి వేస్తున్నానన్నా. గ్రైండరు కూడా దానిమీదే."

ఇక వడ్రంగి వల్ల కాలేదు. జేబులోంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. మధ్య రెండు వేళ్ళూ మొదలంటా లేవు.

"నా కరెంటు రంపం కూడా గోడవైపే ఉండేది," అన్నాడు మెకానిక్కుతో. తర్వాత బావ వైపు తిరిగాడు. "నడిమధ్య లైటు నా వీపు వెనక పడింది. నీడ లేదన్నావే, నా నీడే రంపం మీద పడింది బావా. మూడూళ్ళకి కనబడిన వెలుగులో నా వేళ్ళు నాకు కనబడలేదు."

టీ కొట్టాయన స్టవ్వు తగ్గించాడు.

"ఆ రోజు నువ్వు పరధ్యానంగా..." అంటూ బావ గ్లాసు పక్కకి తోశాడు, కాస్త టీ బల్ల మీద ఒలికింది.

మెకానిక్కు ఆ చేతివంకే చూస్తూ, "మరి నన్నెక్కడ పెట్టించుకోమంటావు?" అన్నాడు.

వడ్రంగి ఒలికిన టీలో చూపుడువేలు ముంచి బల్ల మీద గీశాడు. "ఇది గోడ. ఇది నీ బల్ల. నువ్విక్కడ నిలబడతావు. లైట్లు నీ తలకి ముందుండాలి. ఇక్కడొకటి, ఇక్కడొకటి. ఆ రోజు లైట్ల కొట్టువాడు చెప్పిందీ అదే."

మెకానిక్కు తలూపి వెళ్ళిపోయాడు. బావ చల్లారిన టీ తాగకుండానే లేచి, వడ్రంగి పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"లైటు సంగతి మీ అక్కకి మాత్రం చెప్పకురా."

"అక్కకి ఆసుపత్రిలోనే తెలిసిపోయింది," అన్నాడు వడ్రంగి. "ఇదంతా నీ లైటు వల్లేనని నీకే తెలియదనుకుని, తెలిస్తే తట్టుకోలేవని, ఇన్నాళ్ళూ నన్ను నోరు మూసుకోమంది."