ఎర్ర బటన్ ఎక్కడుందని అడగడం నేర్పిన గోపాలకృష్ణయ్య గారు

1991 జూన్ 17, సోమవారం ఉదయం. నరసరావుపేటలో మన మిర్చి ఎగుమతి సంస్థ గేటు ముందు ఇరవయ్యారేళ్ళ యువకుడొకరు సైకిలుకు స్టాండు వేసి, ఘాటుకు వరసగా తుమ్మి, కళ్ళు తుడుచుకొని లోపలికి నడిచారు. ఆ రోజు టైపిస్టుగా చేరిన ఆ యువకుడే, ఎగుమతి పత్రాల విభాగాధిపతిగా ఈ జూన్ 30న పదవీ విరమణ చేస్తున్న శ్రీ గోపాలకృష్ణయ్య గారు. తుమ్ములు నెల తిరక్కుండానే ఆగిపోయాయి. అలసట మాత్రం నిదానంగా వచ్చి, వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది.

మాచవరం దగ్గరి రైతు కుటుంబంలో జన్మించి, పేటలో బి.కాం. పూర్తిచేసిన ఆయన, మిరపకాయను చేలో చూశారు, కల్లంలో చూశారు, చివరకు కాగితం మీద చూడవలసి వచ్చింది. సరుకు ఏ దేశం పోతే ఆ దేశపు చిరునామా టైపు చేయడం ఆయన పని. స్పెయిన్ కంపెనీల పేర్లను అక్షరం తరవాత అక్షరం చూసి కొట్టేవారే గాని, వాటిని ఎలా పలకాలో తెలియదు. అవసరమూ పడలేదు. గుమాస్తాగా, సీనియర్ గుమాస్తాగా, పర్యవేక్షకులుగా ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ, సెలవులు అడగకుండా, ఎవరితోనూ పేచీ పడకుండా పద్దెనిమిదేళ్ళు గడిపేశారు.

2009లో మిరప్పొడిని ఆవిరితో శుద్ధిచేసే మిషన్ స్పెయిన్ నుంచి వచ్చింది. బిగించడానికి ఇంజినీరొకాయన వచ్చారు. కొంత ఇంగ్లీషు, కొంత స్పానిష్ కలిపి మధ్యాహ్నం దాకా వివరించి, చివర "ప్రెగుంతాస్?" అన్నారు. ప్రశ్నలున్నాయా అని. షెడ్డులో ఉన్న అందరమూ చిరునవ్వుతో తలలు అటూ ఇటూ ఊపాం, మనకు అలవాటైన పద్ధతిలో. అది అవునో కాదో పాపం ఆయనకు తెలియలేదు. ఎవరికీ అర్థం కాలేదనుకొని మొదటి నుంచి మళ్ళీ చెప్పారు. మళ్ళీ ఊపాం. మూడోసారి చెప్పడానికి ఆయనకు ఓపిక లేక, సంతకాలు పెట్టించుకొని విమానం ఎక్కారు.

ఆ నెలలోనే మిషన్ మూత తీయబోయి, షెడ్డులో పనిచేసే ప్రదీప్ చెయ్యి కాల్చుకున్నాడు. లోపల ఆవిరి మిగిలి ఉంది. మోచేతి దాకా బొబ్బలెక్కిన ఆ కుర్రవాణ్ణి చూడటానికి గోపాలకృష్ణయ్య గారు కొబ్బరి బొండాం పట్టుకొని ఆసుపత్రికి వెళ్ళారు.

"ఏరా, మూత ఎప్పుడు తీయాలో తెలవదా నీకు?"

"తెలవదు బాబాయ్."

"మరి ఆయన రెండుసార్లు అడిగాడుగా, ప్రశ్నలున్నాయా అని?"

"అంతమందిలో ఏం అడుగుతాం బాబాయ్? అందరూ తల ఊపుతున్నారు. నాకొక్కడికే తెలవదేమో అనుకున్నా."

బొండాం చేతిలో అలాగే ఉండిపోయింది. ఆయనకూ తెలియదు. ఆయనా తల ఊపారు. ఆ షెడ్డులో ప్రతి ఒక్కరూ తమకొక్కరికే తెలియదనుకున్నారు.

ఆ ఆదివారం నుంచి గోపాలకృష్ణయ్య గారు రెంటచింతల బస్సెక్కడం మొదలుపెట్టారు. ఒకప్పుడు స్పెయిన్‌లో చదువుకొని వచ్చిన వృద్ధ ఫాదర్ ఒకరు అక్కడ విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆయన వరండాలో కూర్చొని, రెండు వేసవులు చెమటలు కక్కుతూ, మన విభాగాధిపతి ఒకటో తరగతి పిల్లాడిలా స్పానిష్ నేర్చుకున్నారు. ఆయన సతీమణి శ్రీమతి ఝాన్సీలక్ష్మి గారు మొదట్లో ఊరుకోలేదు.

"ఏందయ్యా ఇది? రెంటచింతల జనం ఎండ తట్టుకోలేక ఎటన్నా పోదామని చూస్తుంటే, నువ్వు టికెట్టు కొనుక్కొని మరీ పొయ్యిలోకి పోతావేంది?"

"అక్కడ చెప్పేవాళ్ళున్నారు ఝాన్సీ."

"ఇక్కడ నేను చెప్పేది వినేవాళ్ళు లేరు గాని."

ఆ తరవాత బుధవారం బుధవారం, షిఫ్టు దిగాక, క్యాంటీన్‌లో తరగతి మొదలైంది. ఆయన పాఠం చెప్పే తీరు మనందరికీ కంఠతా వచ్చు. మన వాక్యం మాచర్ల బస్సు లాంటిదనేవారు. అందరూ ఎక్కి కూర్చుంటారు, పని, అంటే క్రియ, మాత్రం చివరి స్టాపులో దిగుతుంది: నేను నీళ్ళు తాగుతాను. వాళ్ళ వాక్యంలో పని నడి దారిలోనే దిగిపోతుంది: యో బెబో అగ్వా, నేను తాగుతాను నీళ్ళు. చేసేవాడు, చేసే పని, ఆ తరవాతే వస్తువు. 'యో' అనకపోయినా నష్టం లేదు. మనం 'తాగుతాను' అంటే ఎవరో తెలిసిపోయినట్టే, 'బెబో' అంటే వాళ్ళకూ తెలిసిపోతుంది. అడగాలంటే కొత్త మాటలేమీ అక్కర్లేదు, మనం చివర దీర్ఘం తీస్తాం, వాళ్ళు గొంతు లేపుతారు: బెబెస్ అగ్వా? నీళ్ళు తాగుతావా? పెద్దవాళ్ళనైతే మనకు 'మీరు' ఉన్నట్టే వాళ్ళకూ ఒక మర్యాద ఉంది, అప్పుడు బెబె అగ్వా? ఇక కే, కియెన్, దోందె, క్వాందొ, పోర్ కే. ఏమిటి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. ఈ మాటలు వాక్యానికి తలుపులు, ముందు నిలబడాలి, వెనకే పని రావాలి. రాసేటప్పుడు వాళ్ళు ప్రశ్నార్థకాన్ని తలకిందులు చేసి వాక్యం మొదట్లోనూ పెడతారని బోర్డు మీద చూపించి, "చూశారా, వచ్చేది ప్రశ్న అని ముందే జెండా ఊపుతున్నాడు. సిగ్గుపడటం లేదు" అనేవారు.

ఆ తరగతిలో హాజరు కూడా వేరు. పేరు పిలిస్తే 'ఉన్నాను సార్' అనకూడదు. స్పానిష్‌లో ఒక ప్రశ్న అడగాలి. అడగనివాళ్ళు రానట్టే లెక్క.

పద్నాలుగేళ్ళ పాటు ఇలాగే నడిచింది. మోకాళ్ళు అరిగాయి, షుగరు వచ్చింది, కళ్ళజోడు మందమైంది. అయినా ఆయనను నిజంగా అలసిపోయేలా చేసింది అవేవీ కావు. "అర్థమైందా?" అని అడిగితే క్యాంటీన్ రేకులు అదిరేలా వచ్చే "అయింది సార్" అనే జవాబు. హాజరు కోసం అందరూ అడిగేవారు, ఆయన నేర్పిన ప్రశ్నే అడిగేవారు. మీ పేరేమిటి? టైమెంత? నీళ్ళు తాగుతావా? తనకు తెలియనిది తెలుసుకోవాలని, తన కోసం ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. వచ్చే ఏడాది అడుగుతారనుకుంటూ ఆయన బోర్డు తుడుచుకునేవారు.

ఈ ఫిబ్రవరిలో మన సిబ్బంది వ్యవహారాల అధికారి సాయి ప్రియ గారు ఆయన గదికి వచ్చారు. ఇప్పుడు ఫోనే రెండు వైపులా తర్జుమా చేస్తోందని, ఆయన తరవాత తరగతి కొనసాగించే ఆలోచన లేదని మెల్లగా చెప్పారు.

"మీరు బాధపడతారేమో అనుకున్నాను సార్."

"లేదమ్మా. ఆపేయండి. నా మోకాళ్ళు మీకు దణ్ణం పెడతాయి" అన్నారాయన నవ్వి. ఆవిడ వెళ్ళాక చాలాసేపు ఫైలు తెరవలేదు. తరగతి పోవడం కాదు ఆయనను తొలిచింది. ఇన్నేళ్ళు నోరు నొప్పి పుట్టేలా చెప్పినది ఒక్కరికైనా అంటిందా, లేక మళ్ళీ ఒక చెయ్యి కాలేదాకా అందరూ తలలే ఊపుతారా? ఆ సంగతి తేలకుండానే ఇంటికి పోతారేమోనని ఆయన దిగులు.

ఏప్రిల్‌లో తేలింది. తొడిమలు తీసే కొత్త మిషన్‌తో స్పెయిన్ నుంచి మార్తా అనే ఇంజినీరు వచ్చారు. ఫోను బల్ల మీద పెట్టుకొని ఆవిడ చెబుతుంటే, ఫోను తెలుగులో చక్కగా అప్పజెప్పింది. గోపాలకృష్ణయ్య గారు షెడ్డు వెనక కుర్చీలో కూర్చున్నారు. పిలిస్తేనే వెళ్దామనుకున్నారు. ఎవరూ పిలవలేదు. చివరకు మార్తా గారు "ప్రెగుంతాస్?" అన్నారు. "ప్రశ్నలు ఉన్నాయా?" అంది ఫోను. నలభై తలలు చిరునవ్వుతో అటూ ఇటూ ఊగాయి.

ఆయన నాలుక చివరిదాకా ఏదో వచ్చింది. ఆపుకున్నారు. ఇవాళ తాను అడిగితే జూలైలో ఎవరు అడుగుతారు? మార్తా గారు స్విచ్చు వైపు చెయ్యి చాచారు.

"ఉనా ప్రెగుంతా."

ఒక ప్రశ్న, అంటూ ఒకామె లేచింది. డిప్లొమా చదివి, ఇద్దరు పిల్లల తల్లిగా ఆరేళ్ళ కిందట షిఫ్ట్ సూపర్‌వైజరుగా చేరిన నజీమా. తరగతిలో ఎప్పుడూ చివరి బెంచీ.

"దోందె ఎస్తా ఎల్ బొతోన్ రోహో?" ఎర్ర బటన్ ఎక్కడుంది?

మిషన్‌ను ఉన్నపళాన ఆపే బటన్‌ను మార్తా గారు తన పక్కనే చూపించి "అకీ" అన్నారు, ఇక్కడ. నజీమా అంతటితో కూర్చోలేదు. కాయ పోసే ఆడవాళ్ళు నిలబడే రెండో వైపుకు నడిచి, అక్కడ నిలబడి చెయ్యి చాచింది. చేతికి రేకు తప్ప ఏమీ అందలేదు.

"ఇ అకీ?" మరి ఇక్కడ?

మార్తా గారు స్విచ్చు మీంచి చెయ్యి తీసేశారు. వాళ్ళ దేశంలో కాయ పోసేదీ, మిషన్ నడిపేదీ ఒక్కరే, ఒకే వైపు. మన దగ్గర అవతలి వైపు ఆరుగురు ఆడవాళ్ళు వరసగా నిలబడతారని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. అటువైపు రెండో బటన్ బిగించేదాకా మిషన్ తిరగదని ఆవిడ అక్కడికక్కడే తేల్చారు. ఇక షెడ్డంతా ఒక్కసారి నోరు విప్పింది.

"చున్నీ చుట్టుకుంటే ఏంది గతి, అది అడుగు ముందు!" అని కాయ పోసే రత్నకుమారి ఫోను మీద పడింది.

"పోర్ కే? పోర్ కే?" అంటూ ప్రదీప్ మచ్చ పడిన చెయ్యి ఊపాడు. అందరూ కలిసి అరిచేసరికి తట్టుకోలేక ఫోను మూగబోయింది.

"నజీమక్కా, ఇన్నాళ్ళూ ఈ గొంతు ఏ బీరువాలో పెట్టి తాళమేశావ్?" అన్నాడు ప్రదీప్.

"నీ చెయ్యి చూసినప్పుడల్లా తాళం తీద్దామనే అనుకుంటున్నా లేరా."

"ఫోనుకి చెప్పినా అడిగేదిగా నజీమా?" అన్నారు అక్కడే ఉన్న సాయి ప్రియ గారు.

"నేను చెప్పింది అది తిప్పుతుంది మేడం. లేచి అడగవే అని నన్ను లేపదుగా."

బుధవారం తరగతి ఆగదని, ఇకపై నజీమా నడుపుతుందని ఆ వారంలోనే సాయి ప్రియ గారి ఉత్తర్వు వచ్చింది. ఆ పూట షెడ్డు వెనక కుర్చీలో గోపాలకృష్ణయ్య గారు కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకొని పెట్టుకున్నారు. ఘాటు, అన్నారు ఎవరో అడిగితే.

జూన్‌లో జరిగిన ఆఖరి తరగతిలో హాజరు నజీమా తీసుకుంది. అందరూ అడగడం అయ్యాక, తన వంతుగా గోపాలకృష్ణయ్య గారి వైపు తిరిగి, మర్యాదగా అడిగింది.

"ఎస్తా కన్సాదో, సెన్యోర్?" అలసిపోయారా సార్?

పత్రాలు తయారయ్యాయా అని ఆయనను అడగనివాళ్ళు లేరు. ఇది మాత్రం ఈ ముప్ఫై నాలుగేళ్ళలో ఈ ఆవరణలో ఎవరూ అడగలేదు. 'ఏం లేదమ్మా, బాగానే ఉన్నా' అనే మాట అలవాటు కొద్దీ పెదవి దాకా వచ్చింది. వెనక్కి తీసుకున్నారు.

"సి. మూచో." అవునమ్మా, చానా.

అని కుర్చీలో కూర్చున్నారు. ప్రదీప్ గ్లాసు నింపుకొని వచ్చి, మచ్చ పడిన చేత్తోనే అందించాడు.

"బెబె అగ్వా, బాబాయ్?"

ఆయన నిదానంగా, మొత్తం తాగారు.

గోపాలకృష్ణయ్య గారూ, షిఫ్టు సైరన్ మీకు వినపడని ఉదయాలు ఇకపై అన్నీ మీవే కావాలి. అరిగిన మోకాళ్ళకు బలం, షుగరుకు అదుపు, కంటికి చల్లదనం కలిగి, ఝాన్సీలక్ష్మి గారు చెప్పేది తీరిగ్గా వింటూ, మీరు చిరకాలం ఆరోగ్యంగా ఉండాలి. ఎలా ఉన్నారని అడగడానికి మేము వస్తూనే ఉంటాం. మీరు బోర్డు ముందు నిలబడనక్కర్లేదు, కూర్చొని నిజం చెబితే చాలు.