ఆకుపచ్చ ప్యాకెట్ చింపిన పెంగ్ చ్యూ-లియెన్ గారు

1993 జూలై ఒకటో తేదీన, మన సిన్‌చు ఊరి గాలివానకు గొడుగు విరిగిపోగా తడిసిన బట్టలతోనే వచ్చి, శ్రీమతి పెంగ్ చ్యూ-లియెన్ గారు మన సంస్థ పరీక్షా విభాగంలో బాధ్యతలు స్వీకరించారు. కొన్నేళ్లకు నెట్‌వర్క్ పెట్టెలను నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ బృందానికి ఎంపికై, అక్కడ తమ ప్రతిభతో పాటు తమ మొండితనాన్ని కూడా సుప్రతిష్ఠితం చేసుకున్నారు. ఈ అభినందన ప్రధానంగా ఆ మొండితనానికే.

2009లో అంబులెన్సు కేంద్రాల ఫోన్లను మోయవలసిన మన పెట్టెలు ఉన్నట్టుండి బిగుసుకుపోసాగాయి. యంత్రం బుద్ధిగా మాట వినాలని మనమందరం చేసే పనే మేనేజరు వేయ్ గువో-దుంగ్ గారూ చేశారు: 'బుద్ధిగా ఉండు' అని అర్థమొచ్చే పేరున్న ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ కొత్తది తెప్పించి పెట్టెమీద పెట్టించారు. పెంగ్ గారు మాత్రం కారణాన్ని పట్టుకున్నారు. తీగ బాగుందో లేదో చూడటానికి సెకనుకొకసారి లేచే టైమర్, పని చేసేంతసేపూ లోపలి తాళంచెవిని తన దగ్గర ఉంచుకుంటుంది. సరిగ్గా అప్పుడే సమాచారం వచ్చిపడితే, 'ముందు నన్ను చూడు' అంటూ చొరబడే ఇంటరప్ట్ అనే పిలుపు ఆ టైమర్‌ను మధ్యలో ఆపేసి అదే తాళంచెవి అడుగుతుంది. అది దొరికేదాకా ఇంటరప్ట్ తప్పుకోదు; ఇంటరప్ట్ తప్పుకునేదాకా టైమర్ కదలదు, తాళంచెవిని వదలదు.

"టైమర్‌ని పది సెకన్లకొకసారి లేచేట్టు మార్చేద్దాం పెంగక్కా. ఎప్పుడో గానీ ఆగదు, ఎవరికీ తెలీదు. సంతకం పెట్టేయండి," అన్నారు వేయ్ గారు.

"ఎప్పుడో అంటే ఎవరి ఫోన్ తెగినప్పుడండీ? మీ అమ్మగారిదా, మా అమ్మదా?"

"ఎల్లుండి సరుకు పోవాలి తల్లీ! ప్యాకెట్ పెట్టాక నిక్షేపంగా ఉందిగా, ఎక్కడ ఆగింది చూపించండి!"

పెంగ్ గారు ఆ ప్యాకెట్ అందుకుని, అందరూ చూస్తుండగా చర్రున చింపి, గుప్పెడు నోట్లో వేసుకున్నారు. పెట్టెమీది ప్యాకెట్ విప్పితే యంత్రం మొరాయిస్తుందని నమ్మే మాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"కొబ్బరి రుచి బాగుంది. మీరూ తీసుకోండి సారూ," అంటూనే, టైమర్ సెకనుకు వందసార్లు లేచేట్టు మార్చి, సమాచారాన్ని వరదలా వదిలారు. వేయ్ గారు నోట్లోది నమిలేలోగా పెట్టె బిగుసుకుపోయింది. తాళంచెవి టైమర్ దగ్గరున్నంతసేపూ ఇంటరప్ట్‌ను గుమ్మం బయటే నిలిపేలా సరిదిద్ది, అదే వరదను మళ్లీ వదిలారు. ఈసారి పెట్టె ఆగలేదు.

సరుకు ఆలస్యంగా వెళ్లింది, లోపం లేకుండా వెళ్లింది. పెంగ్ గారికి రావలసిన పదోన్నతి మాత్రం రాలేదు. ఫిర్యాదుల విభాగానికి బదిలీ వచ్చింది. ఆ విభాగంలోనూ ఆవిడ ఒక్క ఫిర్యాదునూ తొక్కిపెట్టనివ్వలేదు. మూడేళ్లకు డ్రైవర్ బృందమే పట్టుబట్టి ఆవిడను వెనక్కి తెచ్చుకుంది.

మన సంస్థ పత్రిక ఈ సంచికలో పై ఉదంతాన్ని తొలగించి, 'అనేక సాంకేతిక సవాళ్లను అధిగమించారు' అని రాస్తే సరిపోతుందని సూచన వచ్చింది. తొలగించలేదు. మేము ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్లం.

నేటి పదవీ విరమణ వీడ్కోలు సభలో ఆవిడ ముందు ఒక ఆకుపచ్చ ప్యాకెట్ ఉంచుతున్నాం, తినడానికే. పెంగ్ గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు జీవించాలనీ, ఆ నూరేళ్లలో ఏ ఒక్కరోజూ బుద్ధిగా మాట వినకూడదనీ మనసారా కోరుకుంటున్నాం.