మంగళవారం మనిషి

ఆ ఫొటో వద్దే వద్దని మొత్తుకున్నాను. వింటేగా మీ చెల్లెలు. ఇదిగో చూడు, జుట్టంతా నల్లగా, బుగ్గలు నిండుగా, ముప్ఫై ఏళ్ళ కుర్రాడిలా పళ్ళికిలిస్తూ కూచున్నావు. వచ్చేవాళ్ళు పోయింది నువ్వా, నీ కొడుకా అని అడుగుతారు. కొడుకు కూడా లేడాయె మనకి.

నవ్వకు. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది.

నెల రోజుల నుంచీ చెబుదామంటే ఇల్లంతా జనం. ఇప్పుడు హాల్లో ఎవరూ లేరు. కుర్చీలు వేసేవాళ్ళు టీకి వెళ్ళారు. వంటవాళ్ళు వెనక జోలోఫ్ అన్నం దగ్గరున్నారు. ఓ అరగంట ఉంది. నువ్వు మధ్యలో అడ్డు రాలేవు కూడా. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో ఇలాంటి అవకాశం నాకిదే మొదలు.

ఎనిమిదేళ్ళు తగ్గించుకున్నావు. సరే. ఆ రోజుల్లో ఎవరు తగ్గించుకోలేదు? మన ఊళ్ళో, కుమాసీలో, డ్రైవరు పనికి పాతికేళ్ళు దాటకూడదన్నారు, నీకు ముప్ఫై దాటాయి. పుట్టిన కాగితం ఎవరి దగ్గరుంది గనక. ఆఫీసుకెళ్ళి మార్చి నాలుగు, పంతొమ్మిది వందల అరవై అని రాయించుకొచ్చావు. తారీకు మార్చలేదు, నెల మార్చలేదు. యాభై రెండుని అరవై చేశావు, అంతే.

మరి వారం సంగతేమిటయ్యా మహానుభావా? వారం చూసుకోవద్దూ?

నలభై ఏళ్ళు ఎవరూ పట్టుకోలేదు. ఈ లండన్‌లో ఏ ఆఫీసరుకి తెలుస్తుంది, మనవాళ్ళకి పుట్టిన వారాన్ని బట్టే పేరని? పట్టుకున్నదెవరో తెలుసా? నీ ముద్దుల మేనకోడలు. బిరాగో.

దానికి ముప్ఫై ఒకటి వచ్చాయి, ఇంకా కుదురు లేదు. పొద్దున్న ఉద్యోగం, సాయంత్రం సొంత వ్యాపారం. ఇక్కడ టోటెన్‌హామ్‌లో మనవాళ్ళ పెళ్ళయినా, పిల్లకి పేరు పెట్టే వేడుకైనా, చావైనా పోస్టరు అదే వేస్తుంది. నీ పోస్టరు వెయ్యడానికి నీ పాస్‌పోర్టు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అత్తా, మామయ్య క్వాబెనాయే కదా?"

"కాక?"

"మంగళవారం పుట్టినవాడేగా క్వాబెనా?"

"అది నన్నడుగుతావేమే? మీ అమ్మనడుగు."

"మరి ఈ తారీకు శుక్రవారం పడింది. ఈ లెక్కన మామయ్య కోఫీ అవ్వాలి."

రాసినవాడు పొరబాటు పడ్డాడేమో అన్నాను. ఊరుకుంటుందా? ఫోను తీసి ఏళ్ళు వెనక్కి లెక్కపెట్టడం మొదలెట్టింది. మార్చి నాలుగు మంగళవారం పడ్డ సంవత్సరాలు మూడు తేలాయట. యాభై ఎనిమిది, యాభై రెండు, నలభై ఏడు. కూరగాయలు ఏరి పెట్టినట్టు నా ముందు పెట్టింది.

"యాభై ఎనిమిదైతే మామయ్యకి అరవై ఆరు. యాభై రెండైతే డెబ్బై రెండు. నలభై ఏడైతే డెబ్బై ఏడు. ఏది, అత్తా?"

ఎందుకు అడిగిందో నీకు తెలియదా? డెబ్బై నిండి పోయినవాళ్ళ కోసం వచ్చే జనమంతా తెలుపూ నలుపూ గుడ్డ కడతారు. నిండా బతికిన మనిషిని డప్పులతో, ఆటపాటలతో సాగనంపడం. డెబ్బై లోపైతే ఎరుపూ నలుపూ. అయ్యో, అర్ధాంతరంగా పోయాడే అని ఏడవడం. ఊళ్ళో పెద్దవాళ్ళు మనిషిని చూసి చెప్పేవారు. ఇక్కడ గొడవలొస్తున్నాయని డెబ్బై అని గీత గీసి మనవాళ్ళ సంఘం పుస్తకంలో రాసిందెవరు? కార్యదర్శిగారు. ఎవరా కార్యదర్శి? నవ్వకన్నానా.

ఎరుపు వేస్తే ఏమవుతుందంటావా. ఏమీ అవదు నీకు. నాకు ఒళ్ళు మండుతుంది, అంతే.

నువ్వు తగ్గించుకున్న ఎనిమిదేళ్ళు ఎక్కడికి పోయాయో ఎప్పుడైనా లెక్క చూశావా? ఈస్టరు ఫుట్‌బాల్‌లో నలభై లోపు జట్టులో ఆడావు, నలభై ఏడేళ్ళవాడివి. ఆ రాత్రి మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టింది నేను. అది సరదా. కానీ నీతోటి డ్రైవర్లంతా అరవై ఆరుకి బస్సు దిగి ఇంటికెళ్ళి కూర్చున్నారు. నీకు కాగితం మీద యాభై ఎనిమిదేనాయె. ఆ ఎనిమిదేళ్ళలో ఆరేళ్ళు మళ్ళీ స్టీరింగు ముందు కూర్చుని తీర్చుకున్నావు. డెబ్బై రెండేళ్ళ మనిషి చీకటితో లేచి, మంచులో డిపోకి నడిచి వెళ్ళడం నేను కిటికీలోంచి చూసేదాన్ని. "ఇంకో రెండేళ్ళే అఫువా, తరవాత కుర్చీలోంచి లేవను," అనేవాడివి. ఆ కుర్చీలోనే పోయావు, టీ కప్పు చేతిలో పట్టుకుని.

నువ్వు ముసలివాడివయ్యావు గానీ ముసలివాడిగా ఒక్కరోజు కూర్చోలేదు. కనీసం ఇవాళైనా నిన్ను పెద్దమనిషిగా చూడాలనిపించింది. అందుకని బిరాగోకి చెప్పేశాను. యాభై రెండు అని.

అది ఆశ్చర్యపోలేదు. "నేనూ అదే అనుకున్నాను, ఆ మోకాళ్ళు చూసి," అంది. తరవాత "అయితే అమ్మకి ఎన్నేళ్ళు అత్తా?" అంది.

అదీ అసలు చిక్కు.

నీకూ నీ చెల్లెలు డుఫీకీ రెండేళ్ళే తేడా అని ఈ టోటెన్‌హామ్‌లో తెలియనిదెవరికి? ఆవిడే చెప్పుకుంటుంది, ఇద్దరం ఒక ఉయ్యాల్లో పెరిగాం అని. నీకు అరవై నాలుగైతే ఆవిడకి అరవై రెండు. మొన్న మొన్నేగా ఇదే హాల్లో అరవయ్యో పుట్టినరోజు చేసుకుంది. అందరం ఆకుపచ్చ గుడ్డలు కట్టుకుని వచ్చాం. నువ్వు మైకు పట్టుకుని "నా చిట్టిచెల్లెలు" అని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నావు. అప్పటికే అరవై ఎనిమిదొచ్చిన చిట్టిచెల్లెలు.

నువ్వు అబద్ధమాడితే ఆ అబద్ధంలో ఆవిడ అద్దె లేకుండా కాపురముంది. ఇప్పుడు నిన్ను నిజం చేస్తే ఆవిడ బయటపడుతుంది.

వచ్చింది ఇంటికి. తలుపేసింది. "వదినా, ఎరుపు కట్టిద్దాం. అన్నయ్య ఇంకా చిన్నవాడు," అంది.

"ఎంత చిన్నవాడు డుఫీ?"

"కాగితం మీద ఎంతుందో అంత."

"కాగితం సంగతి కాదు. ఒక ఉయ్యాల్లో పెరిగారుగా, నువ్వు చెప్పు."

కొంగు సవరించుకుంది. ఆవిడతో గట్టిగా ఎలా మాట్లాడతాను? మన పద్ధతిలో పోయిన మనిషి తల్లి వైపువాళ్ళ సొత్తు. శవం వాళ్ళది, గుడ్డ వాళ్ళది, చివరిమాట వాళ్ళది. పెళ్ళాంగా నా వాటాకి వచ్చేది ఏడుపొక్కటే.

ఏడో రోజున సంఘం వాళ్ళంతా మనింట్లో కూర్చున్నారు. సోఫాలు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. పెద్దాయన బాఫో గొంతు సవరించుకుని, ఏ రంగు అని అడిగాడు. ఎరుపు అంది డుఫీ. సరే రాసుకో అన్నాడు పక్కవాడితో.

నేను లేచాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. విధవరాలు ఆ రోజు మాట్లాడకూడదు. మాట్లాడాను.

"ఆయన చిన్నవాడు కాదు," అన్నాను. "యాభై రెండులో పుట్టాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి పోయిన వారం వరకూ మీ అందర్నీ బస్సులో తిప్పాడు. మీరెవరూ లేచి సీటు ఇవ్వలేదు. ఎందుకంటే సీట్లో కూర్చుని ఉన్నది ఆయనే."

ఇక చూడు తమాషా. గదిలో యాభై మంది, వంద చేతులు, అందరి చేతులూ ఒళ్ళోనే. ఒళ్ళోనే వేళ్ళు మడుస్తున్నారు. డెబ్బై రెండులోంచి రెండు తియ్యడానికి ఎంతసేపు పడుతుంది? తీసేసి ఒక్కొక్కళ్ళే డుఫీ వైపు చూడ్డం మొదలెట్టారు.

నీ చెల్లెలు తక్కువదనుకున్నావా? రాణిలా లేచింది.

"మా వదిన చెప్పింది నిజం. మా అన్నయ్యకి డెబ్బై రెండు. నాకు అరవై రెండు. మా మధ్య పదేళ్ళు. రెండని నేనెప్పుడూ అనలేదు, మీరు సరిగ్గా వినలేదు."

బాఫో నావైపు తిరిగాడు. "నిజమేనామ్మా?"

ఏం చెయ్యమంటావు? నిన్ను పెద్దవాణ్ణి చేసుకోవాలంటే ఆవిణ్ణి చిన్నదాన్ని చెయ్యాలి. "నిజమే," అన్నాను. "డుఫీని చంకనేసుకుని బడికెళ్ళేవాణ్ణని మా ఆయన ఎప్పుడూ అనేవాడు."

నువ్వెప్పుడన్నావు? అనలేదు. ఇప్పుడు అన్నావనుకో, అంతే.

బిరాగో మాత్రం ఫోను తీసింది. వేళ్ళు కదిలించింది. వాళ్ళమ్మ మొహం చూసింది. మళ్ళీ జేబులో పెట్టేసుకుంది. పిల్లకి బుద్ధొచ్చింది. బాఫోకి తెలియదంటావా? వాళ్ళ తమ్ముడూ డుఫీ ఒకటో క్లాసులో ఒకే బెంచీ. ఆయన మూతి మీద నవ్వు రాకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, "సరే, తెలుపు," అన్నాడు.

అయిపోయింది. గెలిచాను. అందరూ తెల్లగుడ్డలు కొనుక్కున్నారు. డుఫీ అయితే పూల డిజైనుది కొనుక్కుంది, అరవై రెండేళ్ళ పిల్ల కదా.

ఇక్కడితో నోరు మూసుకుంటే బాగుండేది నేను.

నిన్న బిరాగో నా దగ్గర కూర్చుని అడిగింది. "అత్తా, నీ తారీకు చెప్పు, సరదాగా చూస్తాను." జూన్ ఎనిమిది, యాభై ఆరు అన్నాను. ఫోనులో చూసింది. శుక్రవారం. అఫువా అంటే శుక్రవారమే. అది నా మెడ చుట్టూ చేతులేసి, "ఈ ఇంట్లో నిజం మనిషివి నువ్వొక్కదానివే అత్తా," అంది.

నాకు రాత్రంతా నిద్ర లేదు.

విను. దగ్గరికి రమ్మంటే రాలేవు కాబట్టి నేనే జరుగుతాను.

నేను యాభై ఆరులో పుట్టలేదు. యాభై ఒకటిలో పుట్టాను.

నర్సు ట్రెయినింగుకి పాతిక దాటితే తీసుకోరన్నారు, నాకు ఇరవై ఎనిమిది. మా నాన్న లెక్కల మాస్టారు కదా, పాత కేలండర్లన్నీ దాచేవాడు. ఓ మధ్యాహ్నం అవన్నీ నేల మీద పరుచుకుని కూర్చున్నాను. నాలుగేళ్ళు తగ్గిస్తే వారం జరిగిపోతోంది. ఆరేళ్ళు తగ్గించినా జరిగిపోతోంది. అయిదు దగ్గర మధ్యలో రెండు లీపు సంవత్సరాలు పడి, శుక్రవారం శుక్రవారంగానే నిలబడింది. అయిదు తీసుకున్నాను. నీలా తొందరపడలేదు.

నువ్వు నీ సంగతి పెళ్ళికి ముందే నాకు చెప్పేశావు. తల దించుకుని, దొంగతనం ఒప్పుకున్నట్టు చెప్పావు. నేను విని, ఫరవాలేదులే అని క్షమించాను కూడా. ఎంత గొప్పదాన్నో.

ఈ హాల్లోనే మైకులో అనేవాడివి కదా, "మా ఆవిడ నాకన్నా నాలుగేళ్ళు పెద్దది, అందుకే నేను నోరెత్తను," అని. అందరూ నవ్వేవాళ్ళు. ఇంటికొచ్చాక నా చెవిలో, "బాధపడకు, నిజానికి నేనే నాలుగేళ్ళు పెద్ద," అనేవాడివి. నేను నీకన్నా తొమ్మిది నెలలు పెద్దదాన్ని, క్వాబెనా.

అదొక్కటే అయితే ఇంత చెప్పేదాన్ని కాదు.

పెళ్ళయిన కొత్తలో పుట్టబోయే పిల్లలకని చిన్నగదికి పసుపు రంగు వేశావు. "నీకింకా ముప్ఫై మూడేగా, తొందరేముంది," అనేవాడివి. ముప్ఫై అయిదొచ్చినప్పుడూ అదే మాట. నలభై దగ్గరపడ్డా అదే మాట. నిజానికి మొదటిసారి అన్నప్పుడే నాకు ముప్ఫై ఎనిమిది. తరవాత నలభై. తరవాత నలభై అయిదు. టైముందని నువ్వు నెమ్మదిగా ఎదురుచూస్తుంటే, ఆ టైము లేదని నాకు తెలుసు. చెబితే నువ్వు ఎదురుచూడ్డం మానేస్తావని చెప్పలేదు. నువ్వు ఎదురుచూస్తుంటే బాగుండేది. చివరికి ఆ గదిలో బిరాగో పడుకుంది.

అలా చూడకు. ఇప్పటిదాకా నవ్వుతున్నావుగా, అలాగే నవ్వు.

నీకో మంచిమాట చెప్పనా? నాకు కాగితం మీద డెబ్బై నిండాలంటే ఇంకో ఏడాదిన్నర ఉంది. ఈలోగా పోయానంటే నాకు ఎరుపే కడతారు. నిన్ను నీ మంగళవారం కాపాడింది. నా శుక్రవారం నన్ను కాపాడదు. బిరాగో ఎన్ని ఏళ్ళు వెనక్కి లెక్కపెట్టినా నేను దొరకను. లేచి నిలబడి నా వయసు చెప్పే మనిషి నువ్వొక్కడివే, నువ్వేమో ఫొటోలో ఉన్నావు. సరేలే. ఏడాదిన్నరేగా. ఎలాగోలా లాగుతాను.

అదిగో, వస్తున్నారు. అంతా తెలుపే, చూడు. డుఫీ పూలగుడ్డ ముందు నడుస్తోంది, తలపాగా తలుపులో పట్టేట్టు లేదు. నేను కాస్త ఏడవాలి, అది నా వాటా.

నువ్వు మాత్రం ఆ నవ్వు తగ్గించు. తొమ్మిది నెలలు పెద్దదాన్ని చెబుతున్నాను, విను.