జామీనా, జమీనా?

సభాధ్యక్షులు జనార్దన్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక గోడకానుకుని నిలబడిన పత్తి మిల్లు హమాలీ అన్నలకు నమస్కారం. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. కాన్వెంటులో ప్రార్థన కూడా పెదవులతోనే చదివేదాన్ని. కానీ ఈ ఉదయమే ఆదోని కోర్టులో మా నాన్న వీరన్న మీది కేసు కొట్టేశారు. ఆ కేసు గెలిపించిన ప్లీడరు హనుమంతరాయుడు గారు వృత్తి విరమించి రేపు ఎమ్మిగనూరు వెళ్లిపోతున్నారు. ఇంత సంతోషం, ఇంత దిగులు ఒకే రోజు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నవ్వుతున్నాను, మన్నించండి.

తాను పనిచేసే మిల్లులోనే పత్తి కుప్పకు నిప్పు పెట్టాడని నాన్నను పట్టుకుపోయిన నాడు, "జామీను ఇస్తే వదుల్తారు" అన్నాడు కోర్టు బంట్రోతు. బెయిలంటే నాకు తెలుసు, జామీను తెలియదు. మా అమ్మ సువార్తమ్మకేమో జమీను, అంటే భూమి, అని వినిపించింది. సెంటు భూమి లేని అమ్మ కోడుమూరు బస్సెక్కి, తాను కలుపు తీసే చేని ఆసామి ఓబన్న ముందు నిలబడి, "అప్పా, ఒగ ఎకరా జమీను బదులియ్యి, నా మొగుడు రాంగనే నీది నీకిచ్చేస్తా" అంది. (నవ్వులు) ఆయన బెదిరిపోయి ప్లీడరు గారి ఇల్లు చెప్పారు.

ప్లీడరు గారు నవ్వలేదు. "భూమి వద్దమ్మా, పూచీ పడే మనిషి కావాల" అన్నారు. ఖర్చు మాటెత్తితే, ఉరి పడే కేసులకే సర్కారు ప్లీడరును పెడుతుందన్నారు. "అట్లయితే ఉరి కేసే రాపించప్పా!" అంది అమ్మ. అప్పుడు నవ్వారు. తన ఫీజు వద్దన్నారు. మిగతా ఖర్చులకు మిల్లు గేటు దగ్గర దుప్పటి పరవమన్నారు. ఈ అన్నలంతా కూలి అందుకున్న చేత్తోనే అందులో వేసిపోయారు.

పూచీకి మిల్లు ఎదుట బజ్జీలమ్మే హుసేనమ్మవ్వ వచ్చింది. "ముద్దాయి పారిపోతే?" అన్నారు మేజిస్ట్రేటు గారు. "పారిపోయేటోడైతే సువార్తమ్మను సేసుకున్న దినమే పారిపోయుండేటోడు సారూ!" అంది అవ్వ. (నవ్వులు) అమ్మా, కూర్చో.

ప్లీడరు గారూ, మీరు ఆ ఒక్క మాట విడమర్చి చెప్పకపోతే నాన్న ఇన్నాళ్లూ సబ్‌జైలులోనే ఉండేవాడు. రేపు మరో అమ్మ జమీను వెతుక్కుంటూ వచ్చి మీ తలుపు తడితే, తాళం కనబడుతుంది. అది తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు. అందుకని మీ ఎమ్మిగనూరు చిరునామా మిల్లు గేటు మీద సుద్దముక్కతో పెద్దక్షరాల్లో రాసి వచ్చాను. మీకు విశ్రాంతి దొరకదు, క్షమించాలి.

అందరికీ కృతజ్ఞతలు. నాన్న లేచి నిలబడి, ఇంటికి పోదాం రమ్మని సైగ చేస్తున్నాడు. ఇవాళ్టి నుంచి ఆయన ఎటు పోవాలన్నా కోర్టును అడగనక్కర లేదు. నేను మాత్రం మిమ్మల్ని అడుగుతున్నాను, సెలవు.