పద్నాలుగు పౌన్ల గాలి

కండ్లు మూసుకోకు సదయ్య. నీకు నిద్ర వస్తలేదని నాకెరుకే. దవడకు కట్టున్నది, మాట రాదు. కాలుకు సిమెంటు పట్టి, లేవరాదు. యాడికి పోతవ్? ఏడాది పొడుగు నువ్వు అన్నవ్, నేను పడ్డ. ఇయ్యాల నేను చెప్త, నువ్వు విను.

నిరుడు, డెబ్బై రెండుల, మన బొగ్గు గని ఆటల పోటీల నాడు ఏమైందో యాదికున్నదా? కొత్త రోడ్డు మీద ఫర్లాంగు దూరం మోటర్‌సైకిల్ పందెం. జెండ ఊపంగనే నీ జావా ఉరికింది. నాది పాత బండి, మెకానిక్ రజాక్ భాయ్ షెడ్ల తుక్కు సామాను ఏరి నేనే కట్టుకున్నది. ఆక్సిలేటర్ తిప్పిన. ఎనుక చక్రం ఉన్నకాడనే గిర్రున తిరిగింది. లారీలు ఒలకబోసిన బొగ్గు పొడి లేచి ఎనుక నిలబడ్డోళ్ల మొకాలన్నీ నల్లగైనయ్. నువ్వు ఫర్లాంగు పోయి మళ్లొచ్చేదాక నేను గాడనే ఉన్న.

నవ్వితే నవ్వినవ్. పందెమన్నంక నవ్వుతరు. కని పేరెందుకు పెట్టినవ్? తిరుగలి అని?

గనిల నువ్వు సర్దారువి, మా షిఫ్టుకు పెద్దవి. నేను బొగ్గు టబ్బులను తాడుతోని గుంజే హాలేజీ ఇంజన్ నడిపేటోన్ని. హాజరు పిలిచేటప్పుడు గూడ రాయమల్లు అనకపోతివి. తిరుగలి వచ్చిందా అని అడుగుతుంటివి. షిఫ్టంత నవ్వుడే.

నల్లా కాడ నా పెండ్లాం పోశవ్వను తిరుగలోని పెండ్లాం అన్నరు. ఆమె బిందె ఆడనే ఇడిసి ఇంటికొచ్చింది. రెండు దినాలు నాతోని మాట్లాడలె. గది నీకు తెలుసా? నీకెందుకు తెలుస్తది.

గప్పటి సంది నాకు ఒక్కటే ఫికర్. బండికి జోరు తక్కువ లేదు, నేల మీద పట్టు లేదు. ఆ పట్టు ఎట్ల తేవాలె?

డ్యూటీల ఉన్నప్పుడే సమజైంది. హాలేజీ తాడు వదులుగ ఉన్నప్పుడు ఒక్కసారి గుంజితే టబ్బులు కదలయ్, తాడే తెగుతది. ముందుగాల తాడును బిర్రు చెయ్యాలె, తర్వాత జోరు పెంచాలె. బండి క్లచ్చి గూడ గంతే గదా! సగం ఇడిసి చైను బిర్రు కానియ్యాలె. చక్రం నేలను పట్టుకున్నంకనే మిగిలిన సగం ఇడవాలె. సీటు నాలుగు అంగుళాలు ఎనుకకు జరిపిన, నా బరువంత ఎనుక చక్రం మీద పడాలెనని. టైరుకంటిన పొడిని తడిబట్టతోని తుడిసినంకనే బండెక్కుడు అలవాటు చేసుకున్న.

ఇగ గాలి. గాలి తగ్గిస్తే టైరు నేల మీద ఎడల్పుగ పరుసుకుంటది, మంచిగ పట్టుకుంటది. మరి ఎంత తగ్గించాలె? టైరుకు, రిమ్ముకు కలిపి సుద్దతోని ఒక గీత గీసిన. ఇరవై పౌన్లు పెట్టి చూసిన, ఇంకా జారుతున్నది. పద్నాలుగు పెట్టిన. అబ్బ, దెబ్బకు లేచి పోయింది. సుద్ద గీత కదలలె. ఆశకు పోయి పది పెట్టిన. ఆగి చూస్తే టైరు మీది గీత ఒక దిక్కు, రిమ్ము మీది గీత ఒక దిక్కు. టైరు జరిగి లోపల ట్యూబును గుంజుకపోయింది, వాల్వు వంకరైంది.

రజాక్ భాయ్ చూసి నన్ను తిట్టిండు. "ఇంకో రెండు తగ్గిస్తే వాల్వు తెగుతది, మనిషి మిగలడు" అన్నడు.

గందుకే పద్నాలుగు కాడ ఆగిన.

ఈసారి పందానికి ముందటి దినం నువ్వు షెడ్డుకొచ్చినవ్. రోడ్డు మీద నా బండి లేచుడు ఎవలో చూసి నీకు చెప్పిండ్రు గావచ్చు. రజాక్ భాయ్ నమాజుకు పోయిండు, నేనొక్కన్నే ఉన్న. ఎన్నడు లేంది నా పక్క పొంటి కింద కూసున్నవ్. బీడి ఇచ్చినవ్.

"రాయమల్లన్న, టైరుల గాలి ఎంత పెట్టినవే?" అన్నవ్.

అన్న అన్నవ్ సదయ్య. నీ నోట్లె నా పేరు ఇని ఏడాదాయె. కడుపుల సల్లగైంది, నిజం చెప్తున్న. నిజమే చెప్దామని నోరు తెరిసిన.

"ఎనిమిది" అన్న.

ఏంది, గట్ల చూస్తవ్? మర్శి చెప్పిన అనుకుంటున్నవా? లేదు. తెలిసే చెప్పిన. నువ్వు తలూపి, సంబురంగ లేచిపోయినవ్. నేను నీ బీడి తాగుకుంట కూసున్న.

తెల్లారి నీ బండి గూడ మంచిగనే లేచింది. సగం దూరం నా పక్కకే ఉన్నవ్. గప్పుడు టప్పుమన్నది. ఎంబడే ఇనుము రోడ్డు మీద రాసుకున్న సప్పుడు, జనం కేక. నేను బ్రేకు కొట్టలె. ఫర్లాంగు దాటిన. దాటినంకనే ఎనుకకు చూసిన.

కసి తీరిందా అంటవా? తీరింది. అబద్ధమెందుకు. నీ మొకం నెత్తురుల బొగ్గు పొడి అతుక్కోని ఉన్నది. దాన్ని చూస్తుంటె గూడ నాకు పోశవ్వ బిందె ఇడిసొచ్చుడే మతికొచ్చింది. తర్వాత నిన్ను బుజం మీదేసుకున్న, జీపెక్కించిన, దవాఖానకు తెచ్చిన. అందరు చూసిండ్రు. పగోన్ని మోసిండు, మనిషంటే రాయమల్లే అంటున్నరు బజార్ల.

ఇప్పుడు నేను లోపలికొస్తుంటే వరండల నీ పెండ్లాం లింగవ్వ లేచి నా కాళ్లు మొక్కింది. పొద్దుగాల సంది ఏం తినలేదు గావచ్చు అన్న అని, తన కోసం తెచ్చుకున్న గిన్నెల అన్నం నా ముంగట పెట్టింది. వద్దన్నా ఇనలె. తిన్న సదయ్య. ఆమె చూస్తుంటె మెతుకు మిగలకుంట తిన్న.

పదిహేను దినాలకు నీ దవడ కట్టు ఇప్పుతరట. గప్పుడు ఆమెకు నువ్వే చెప్పు. నాతోని కాదు.